చార్జర్ తీసి చూడుండ్రి

రుద్రంగిలో బస్సు దిగి నవనీత ఇల్లెక్కడ అని అడిగితే, ఏ నవనీత అని ఎదురడుగుతారు. దరఖాస్తుల నవనీత అంటే మాత్రం చేతిలో పని పక్కన పెట్టి, సందు చివరిదాకా వచ్చి మరీ ఇల్లు చూపిస్తారు. ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు.

తండ్రి రాజమల్లు తాళ్లెక్కి కల్లు గీసేవాడు. కాగితాలతో ఆయనకెప్పుడూ పని పడలేదు. బిడ్డను మాత్రం కోరుట్లకు పంపి ఇంటర్ దాకా చదివించాడు. పెళ్లయ్యాక నవనీత ఊళ్లో అందరు ఆడవాళ్లలాగే బీడీలు చుట్టింది. భర్త జితేందర్ ఊళ్లో సగంమంది మగవాళ్లలాగే గల్ఫ్‌కు పోయాడు. రెండేళ్లు గడిచాక అతను పనిచేసే కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టులన్నీ లోపల పెట్టి, తాళం వేసుకుని, యజమాని కనబడకుండా పోయాడు. నలభై మంది ఒక షెడ్డులో, రోజుకొక్క పూట తిండితో మిగిలారు.

అప్పుడు నవనీత సిరిసిల్లకు పోయింది. కలెక్టర్ ఆఫీసు ముందు దరఖాస్తులు టైపు చేసే మనిషి రేపు రమ్మన్నాడు. రేపు పోతే ఎల్లుండి రమ్మన్నాడు. మూడో రోజు పోతే విసుక్కున్నాడు.

"నీ మొగడు గల్ఫుల ఎందుకు ఇరుక్కున్నడో నాకేం తెలుసమ్మా? నేనేమని రాయాలె?"

"నాకు తెలుసు. నేనే రాస్త," అని తన కాగితం తాను తీసుకుని వచ్చేసింది.

కోరుట్లలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో రెండు నెలలు టైపు నేర్చుకుంది. పొద్దున బీడీలు, పన్నెండు దాటాక బస్సు. ముందు తెలుగు, తర్వాత వచ్చీరాని ఇంగ్లీషు. ఏడు దరఖాస్తులకు జవాబు రాలేదు. ఎనిమిదోదానికి వచ్చింది. జితేందర్ ఇంటికి చేరిన రోజున వాకిట్లో ఎంతమంది ఉన్నారో, వారం తిరక్కుండా అంతమందీ కాగితాలు పట్టుకుని మళ్లీ వచ్చారు. ఒకామె తమ్ముడు జైల్లో ఉన్నాడు. ఒకామె భర్త ఫోను మూడు నెలలుగా మోగడం లేదు. నవనీత ఎవరినీ రేపు రమ్మనలేదు.

జితేందర్ మళ్లీ విమానం ఎక్కనని ఒట్టు పెట్టుకుని ట్రాలీ ఆటో నడుపుకుంటున్నాడు. సెంటర్‌కు పోయి టైపు చేయడం కుదరక, నవనీత తన బీడీల పీఎఫ్ డబ్బు తీసి, జగిత్యాలకు పోయి ఒక పాత ల్యాప్‌టాప్ తెచ్చుకున్నది. అక్కడ గడియారం టవర్ దగ్గర ఆనందం అనే అతని దుకాణంలో కొన్నది. పట్నం నుంచి వాడిన ల్యాప్‌టాప్‌లు తెచ్చి, లోపల కొన్ని భాగాలు మార్చి అమ్ముతాడు.

ఆ ల్యాప్‌టాప్‌తో తగువు మొదలైంది సుమిత్ర విషయంలో.

సుమిత్ర రెండు సందుల అవతల ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్లు, ఇద్దరు పిల్లలు. భర్త రాజనర్సు తోటపని అని చెబితే సౌదీకి పోయాడు. తీరా పోయాక ఎడారిలో గొర్రెల వెంట తోలారు. ఒక రోజు ముళ్లకంచె గీరుకుని చెయ్యి పుండైంది. మోచేతిదాకా వాచింది. కఫీల్‌ను, అంటే అక్కడి యజమానిని, దవాఖానకు తీసుకుపొమ్మని నాలుగు రోజులు బతిమాలాడు. అయిదో రోజు ఒక నీళ్ల ట్యాంకరు ఆపి, ఎక్కి, తానే పోయాడు. అదే రోజు కఫీల్ అతను పారిపోయాడని ఫిర్యాదు పెట్టాడు. ఆ ఫిర్యాదును అక్కడ హురూబ్ అంటారు. అది పడ్డవాడికి పని ఉండదు, ఇంటికి రావడమూ ఉండదు. దవాఖాన నుంచి రాజనర్సును నేరుగా నిర్బంధ కేంద్రానికి పట్టుకుపోయారు. ఆలోపే అతను దవాఖాన చీటీ, కఫీల్‌కు పంపిన సందేశాలు సుమిత్రకు ఫోన్‌లో పంపాడు.

సుమిత్ర బీడీల చాట ఒడిలో పెట్టుకునే మాట్లాడుతుంది. చుట్టడం ఆపితే పూట గడవదు. అందుకని నవనీతే ల్యాప్‌టాప్ సంకలో పెట్టుకుని వాళ్లింటికి పోయేది. ఆ గదిలో ఉన్న ఒక్క ప్లగ్గూ కాలి నల్లబడింది. బ్యాటరీ మీదే నడపాలి. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని నవనీత పవర్ సేవింగ్ పెట్టేది. అప్పుడు తెర కొంచెం మసకబారి, బ్యాటరీ బొమ్మ పక్కన చిన్న ఆకు కనిపిస్తుంది.

మొదటి రోజే సగం దరఖాస్తు రాశాక ల్యాప్‌టాప్ ఆగిపోయింది. తెర మీద అక్షరాలు అలాగే ఉన్నాయి. బాణం కదలదు, ఏ మీట నొక్కినా పలకదు. బటన్ గట్టిగా పట్టుకుని ఆపి, మళ్లీ పెడితే వచ్చింది. రాసిందంతా పోయింది.

"నా రాతనే గిట్లున్నది," అన్నది సుమిత్ర.

"నీ రాతకు దీనికి ఏం సంబంధం లేదు చెల్లె. ఇది మిషిని. దీనికేదో అయింది. ఏమైందో అడుగుత," అన్నది నవనీత.

జగిత్యాలకు తీసుకుపోయింది. ఆనందం రెండు రోజులు ఉంచుకుని, ఏమీ లేదు, మంచిగున్నదని ఇచ్చాడు. ఇంటికి తెస్తే మూడో రోజు మళ్లీ ఆగింది. రెండోసారి పోతే వైరస్ తీశామన్నాడు. మళ్లీ ఆగింది. మూడోసారి అతను ల్యాప్‌టాప్ వైపు చూడకుండా ఆమె చేతుల వైపు చూశాడు.

"బీడీలు చుట్టే చేతులమ్మా ఇవి. మీరు దబదబ కొడ్తరు. దీన్ని పైపైన తాకాలె, గంతే. మా దగ్గర పొద్దందాక నడిచింది, ఒక్కసారన్న ఆగలే. వాడకం తెల్వక ఆగుతున్నది."

దుకాణంలో ఉన్న ఇద్దరు నవ్వారు. నవనీత సంచి భుజానికి తగిలించుకుని బయటికి వచ్చింది. కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని తన చేతులు చూసుకున్నది. తునికాకు మరక వేళ్ల సందుల్లో అలాగే ఉంది. ఈ చేతులతోనే ఎనిమిది దరఖాస్తులు కొట్టాను కదా, అప్పుడు ఏ మిషనూ ఆగలేదు కదా అనుకుంది. కథలాపూర్ దాటేసరికి ఆమెకు సిగ్గు పోయి కోపం వచ్చింది. రుద్రంగిలో దిగేసరికి కోపం కూడా తగ్గి, వాళ్ల దగ్గర ఎందుకు ఆగదు, నా దగ్గరే ఎందుకు ఆగుతుంది అనే ప్రశ్న ఒక్కటే మిగిలింది.

ఆ రోజు నుంచి ఒక నోటుబుక్కు పెట్టింది. ల్యాప్‌టాప్ ఆగినప్పుడల్లా నాలుగు సంగతులు రాసింది. ఎన్ని గంటలకు ఆగింది, చార్జర్ ఉందా లేదా, ఆకు కనబడుతోందా లేదా, అప్పుడు తానేం చేస్తున్నది. పన్నెండు రోజుల్లో ఆరుసార్లు ఆగింది. ఆరుసార్లూ చార్జర్ లేదు. ఆరుసార్లూ ఆకు ఉంది. ఇంకొకటి కూడా కనిపెట్టింది. తాను టైపు చేస్తున్నప్పుడు ఎప్పుడూ ఆగలేదు. సుమిత్ర చెప్పేది వింటూ చేతులు ఒడిలో పెట్టుకుని నాలుగైదు నిమిషాలు కూర్చున్నప్పుడే ఆగింది.

"చూసినవా? నేను దబదబ కొట్టినందుకు కాదు, కొట్టకుండ కూసున్నందుకు ఆగుతున్నది," అని జితేందర్‌కు నోటుబుక్కు చూపించింది.

జితేందర్ చదివి, "ఇయ్యి పట్టుకపోయి ఆయిన ముంగట పెట్టు," అన్నాడు. "నేను రావాల్నా?"

"ఎందుకు? నువ్వొస్తె ఆయిన నీతోనె మాట్లాడుతడు. నేను ఒక్కదాన్నే పోత."

నాలుగోసారి పోయినప్పుడు ఆమె ల్యాప్‌టాప్ ఇచ్చి రాలేదు. గల్లా ముందున్న బల్ల మీద తెరిచి, ఆకు కనబడేలా పెట్టింది. పనిచేసే కుర్రవాడు అలవాటుగా చార్జర్ తెచ్చి పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దు. మీరు మూడుసార్లు గిట్లనే పెట్టిండ్రు. చార్జర్ పెట్టంగనే పవర్ సేవింగ్ దానంతటదే పోతది. గందుకే మీకు దొరకలే. చార్జర్ తీసి చూడుండ్రి."

ఆనందం గల్లా నుంచి తలెత్తాడు. "అమ్మా, మాకు వేరే గిరాకి లేదా?"

"ఉండనీయన్నా. మీ గిరాకి మీరు చేసుకోండ్రి, నేను అడ్డం రాను. నేను గీ కుర్చీల కూసుంట. దీన్నెవ్వరు ముట్టద్దు. ఎంతసేపైన కూసుంట."

కూర్చున్నది. ఇద్దరు వచ్చి ఫోన్ కవర్లు కొనుక్కుని పోయారు. ఒక బడి పంతులు తన కంప్యూటర్ కోసం వచ్చి, సంగతేమిటని అడిగి, తానూ నిలబడ్డాడు. పావుగంట గడిచింది. ఇరవై నిమిషాలు గడిచాయి. ఆనందం ఆమె వైపు చూసి నవ్వాడు. ఆమె నవ్వలేదు, లేవలేదు. ఇంకాసేపటికి పంతులే అన్నాడు.

"ఆనందం, గోడ మీద పన్నెండుకు రెండు నిమిషాలు తక్కువ. దీంట్ల పన్నెండుకు ఎనిమిది తక్కువనే ఉన్నది."

నవనీత లేచి ఒక మీట నొక్కింది. పలకలేదు. ఇంకొకటి నొక్కింది. ఆనందం వచ్చి తానూ నొక్కి చూశాడు. బాణం కదల్లేదు. ఆరు నిమిషాల కిందటే ఆ ల్యాప్‌టాప్‌లో కాలం నిలిచిపోయింది.

"గట్లయితే పవర్ సేవింగ్ పెట్టకు," అన్నాడు ఆనందం చివరికి. "చార్జర్ మీదనే నడుపుకో. అయిపాయె గదా."

"నేను తిరిగే ఇండ్లల్ల ప్లగ్గులు ఉండయి. మూడుసార్లు ఏం లేదన్నరు. గిప్పుడు ఉన్నదని కండ్లతోని చూసినంక, వాడకు అంటున్నరు."

"పాతదమ్మా అది. ఇంకోటి తీసుకో, మంచిదిస్త."

"దీంట్ల ఏమున్నదో చెప్పనోడు ఇచ్చే ఇంకోటి నాకెందుకన్నా? లోపల ఏమేం మార్చిండ్రో కాయితం మీద రాసియ్యుండ్రి."

ఆనందం రాసివ్వలేదు. ఆమె అతని ముందే నోటుబుక్కు తీసి, తేదీ వేసి, 'దుకాణంలో అందరూ చూస్తుండగా ఆగింది, ఏమి మార్చారో రాసివ్వలేదు' అని రాసుకుని సంచి జిప్పు లాగింది. పంతులు తలుపు తీసి పట్టుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి సుమిత్ర వాకిట్లో ఎదురుచూస్తోంది. సౌదీలోని మన దేశపు రాయబార కార్యాలయం నుంచి మెయిల్ వచ్చింది. వచ్చే నెల ఒక గురువారం పొద్దున పదకొండు నుంచి వీడియోలో కుటుంబాలతో మాట్లాడతారు. వరుస ప్రకారం పిలుస్తారు. పిలిచినప్పుడు లేకపోతే మళ్లీ రెండు నెలల తర్వాతే. కాగితాలన్నీ తెర మీద చూపించాలి, అందుకని ఫోన్ పనికిరాదు.

"నీ దగ్గరున్నదే ఆగుతున్నదాయె. ఎట్లక్కా?" అన్నది సుమిత్ర.

"ఆగకుండ చేస్త."

"నీకొస్తదా?"

"రాదు. నేర్చుకుంట."

సిరిసిల్లలో పాషా భాయ్ దుకాణం నవనీతకు తెలుసు. మరమగ్గాల చప్పుడు ఆగని సందులో అదొక చిన్న గది. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు. ఇప్పుడు చూపు తగ్గి, కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడుతుంటాడు. పని అంతా కూతురు నాహీద్ చేస్తుంది. ఆమె భర్త ముజాహిద్ గల్ఫ్‌లో చిక్కుకున్నప్పుడు నవనీతే దరఖాస్తు రాసింది. ఆ రాకపోకల్లోనే ఇద్దరికీ స్నేహం కుదిరింది.

నాహీద్ ల్యాప్‌టాప్ ముట్టుకోకముందు నోటుబుక్కు అడిగింది. మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, తండ్రికి ఉర్దూలో చెప్పింది. పాషా భాయ్ తల ఊపి, "ఈమె సగం పని చేసుకొనే వచ్చింది బేటీ," అన్నాడు.

"అక్కా, ఒకేసారి నాలుగు మార్చను," అన్నది నాహీద్. "ఒకటి మారుస్త, చార్జర్ తీసి చూస్త. ఆగితే ఇంకోటి. అన్ని ఒక్కసారి మారిస్తె ఏది పనిచేసిందో నీకు తెల్వదు, నాకు తెల్వదు."

"నాకు చూపించుకుంట చెయ్యి. మళ్ల ఆగితే గింత దూరం రాలేను."

మొదట వేడి చూసింది. ఒళ్లు చల్లగానే ఉంది, ఫ్యాను తిరుగుతోంది. తర్వాత కొత్త అప్‌డేట్లు ఎక్కించింది. చార్జర్ తీసి, ఆకు కనబడేలా పెట్టి, ఇద్దరూ చాయ్ తాగారు. ఆగింది. తర్వాత తెర బొమ్మను నడిపే డ్రైవర్ మార్చింది. ఈసారి అరగంట నడిచింది. నవనీత ఆశపడింది. ఆగింది.

"పరేషాన్ కాకు. రెండు కావని తెలిసింది, గదీ మంచిదే," అని నాహీద్ తెర మీద ఇంకో కిటికీ తెరిచింది. "ల్యాప్‌టాప్ కూడ నీలెక్కనే రాసిపెట్టుకుంటది. లోపల ఏం జరిగినా టైముతోని రాస్తది. చాలమంది తెరిచి చూడరు."

వరుసలు వరుసలుగా తేదీలు, గంటలు. మధ్య మధ్య పసుపు గుర్తులు. నాహీద్ ఒక పసుపు గుర్తు మీద వేలు పెట్టింది. డిస్కు జవాబివ్వలేదు, మళ్లీ లేపాల్సి వచ్చింది అని దాని అర్థం.

"నీ నోటుబుక్కుల పదకొండో తారీఖు ఎన్నింటికి ఆగింది?"

"నాలుగు గంటల ఇరవై."

"ఇక్కడ నాలుగు గంటల పద్దెనిమిది. పద్నాలుగో తారీఖు?"

"పొద్దుగాల తొమ్మిదిన్నర."

"తొమ్మిది ఇరవై ఎనిమిది."

ఆరింట్లో నాలుగు కలిశాయి. మిగిలిన రెండు సార్లు అది రాసుకునే లోపే ఆగిపోయి ఉంటుందని నాహీద్ చెప్పింది. నవనీత ఆ పసుపు గుర్తులను చాలాసేపు చూసింది. తన అక్షరాల పక్కన మిషను అక్షరాలు సాక్ష్యం చెబుతున్నట్టు అనిపించింది. నోటుబుక్కులో ఆ నాలుగు చోట్లా గీత గీసింది.

వెనక మూత విప్పితే సంగతి తేలింది. ఆ ల్యాప్‌టాప్‌తో వచ్చిన డిస్కు తీసి, పేరూ ఊరూ లేని చౌక డిస్కు పెట్టి ఉంది.

"పవర్ సేవింగ్ పెట్టినప్పుడు, నువ్వు ఏం ముట్టకుండ కూసుంటె, ల్యాప్‌టాప్ డిస్కును పండుకోమంటది," అన్నది నాహీద్. "మంచి డిస్కయితే పిలవంగనే లేస్తది. ఇది లేస్తలేదు. ఇది లేవకపోతె మిగతదంత నిలబడిపోతది. డిస్కు మారిస్తె మంచిదే. తెప్పియ్యాల్నంటె పది రోజులు పడ్తది. అప్పటిదాక దీన్ని పండుకోనియ్యకుండ చేద్దాం."

పవర్ సెట్టింగుల్లో లోపలికి, ఇంకా లోపలికి పోయి, ఎక్కడో అడుగున ఉన్న ఒక వరుసను చూపించింది. బ్యాటరీ మీద ఉన్నప్పుడు డిస్కుకు పోయే దారిని నిద్రపుచ్చాలా, ఎంత గాఢంగా పుచ్చాలి అని అడిగే వరుస అది. నాహీద్ మౌస్ నవనీత చేతిలో పెట్టింది.

"నువ్వే చెయ్యి. ఆఫ్ అని పెట్టు."

నవనీత పెట్టింది. చార్జర్ తీసింది. ఆకు వచ్చింది. మూడు గంటలకు పైగా ఎదురుగా కూర్చున్నారు. నడుమ నాహీద్ ఇద్దరి ఫోన్లు బాగుచేసి పంపింది. నవనీత ప్రతి అయిదు నిమిషాలకు ఒకసారి మీట నొక్కింది. ప్రతిసారీ బాణం కదిలింది. బ్యాటరీ అయిపోయి దానంతటదే ఆరిపోయేదాకా ల్యాప్‌టాప్ ఆగలేదు.

"ఒక్క సంగతి," అన్నది నాహీద్. "డిస్కు పండుకోదు గన్క బ్యాటరీ పావుగంట తక్కువ వస్తది."

"రానీ. పావుగంట పోయినా మిగతా గంటలు నావి."

గురువారం నాటికి కొత్త డిస్కు ఇంకా రాలేదు. మూడు రోజులుగా వాన ఎడతెరిపి లేకుండా పడుతోంది. తెల్లవారుజామున స్తంభాలు కూలి ఊరంతా కరెంటు పోయింది. కోరుట్ల దారిలో వాగు రోడ్డు మీదికి వచ్చి బస్సులు బంద్ అయ్యాయి. వేములవాడ వైపు నుంచి కూడా ఏమీ రావడం లేదు. రాత్రే చార్జింగ్ నిండా పెట్టుకున్నది గనుక బ్యాటరీ వంద చూపిస్తోంది. అంతకు మించి దిక్కు లేదు.

నవనీత ఇంట్లో పెద్దగదిలో పీట మీద ల్యాప్‌టాప్ పెట్టారు. జితేందర్ తన ఫోన్‌తో ఇంటర్నెట్ ఇచ్చి, సిగ్నల్ కోసం కిటికీలో పెట్టి పక్కనే నిలబడ్డాడు. సుమిత్ర పిల్లలిద్దరినీ తెచ్చింది. ఆ రోజు మాత్రం బీడీల చాట తేలేదు. పదకొండుకు వీడియోలో కలిశారు. తెర మీద చిన్న చిన్న చదరాల్లో ఎవరెవరివో ఇళ్లు, ఎవరెవరివో ముఖాలు. వాళ్ల వరుస పందొమ్మిది. పన్నెండుకు ఏడో వరుస నడుస్తోంది. నవనీత ఆకు పెట్టింది.

ఇక చేయాల్సిందేమీ లేదు, ఊరికే కూర్చోవడమే. ఇన్నాళ్లూ ఆగింది ఇట్లా కూర్చున్నప్పుడే. సుమిత్ర తెర వంక చూడలేక పిల్లవాడి తల నిమురుతూ ఉంది. ఒంటిగంటకు పద్నాలుగో వరుస. బ్యాటరీ నలభైకి దిగింది. ఒకసారి చదరాలన్నీ నిలిచిపోయాయి. సుమిత్ర నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవనీత వేలు పెడితే బాణం కదిలింది.

"మిషిని మంచిగనే ఉన్నది. నెట్టు పోయింది. ఫోన్ జర పైకి పట్టు," అని భర్తతో అన్నది. జితేందర్ ఫోన్ కిటికీ పైచట్రానికి ఆనించి, చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. చదరాలు కదిలాయి. ఆ చెయ్యి అతను చివరిదాకా దించలేదు.

ఒకటీ నలభైకి పందొమ్మిది పిలిచారు. బ్యాటరీ ఇరవై రెండు.

అధికారి అలసిపోయి ఉన్నాడు, కానీ మర్యాదగానే మాట్లాడాడు. హిందీలో అడుగుతుంటే నవనీత తనకు వచ్చిన హిందీలో చెప్పింది. రాజనర్సు మీద పారిపోయాడనే ఫిర్యాదు ఉందని, దాన్ని తీసేయమని కఫీల్‌ను అడగడం తప్ప తాము చేయగలిగింది తక్కువని అధికారి అన్నాడు. కాగితాలు మెయిల్ చేయమని, తర్వాత చూస్తామని అన్నాడు.

"మూడుసార్లు పంపినాం సార్," అన్నది నవనీత. "ఇప్పుడు నా ముందు కూడా ఉన్నాయి. రెండే కాగితాలు. ఇప్పుడే చూడండి."

అధికారి గడియారం చూసుకున్నాడు. వెనక ఇంకా చాలామంది ఉన్నారన్నాడు.

"వాళ్లలాగే మేము కూడా పొద్దుటి నుంచి కూర్చున్నాం సార్. రెండు నిమిషాలు," అంటూనే ఆమె కాగితం తెర మీదికి తెచ్చింది. ఒక పక్క దవాఖాన చీటీ, చెయ్యి వాచి చీము పట్టిందని, ఏ తేదీన ఎన్ని గంటలకు చేరాడో రాసి ఉంది. ఇంకో పక్క పారిపోయాడన్న ఫిర్యాదు, అదే తేదీ. అంతకు ముందు నాలుగు రోజులు కఫీల్‌కు రాజనర్సు పంపిన వాయిస్ సందేశాల్లో ఒకటి వినిపించింది. గదిలో రాజనర్సు గొంతు వినపడగానే పెద్దపిల్ల లేచి నిలబడింది.

అప్పుడు సుమిత్ర ముందుకు జరిగింది. "నేను మాట్లాడుత."

"ఆయినకు తెలుగు రాదు చెల్లె."

"రాకున్నా విననీ." తెరకు ఎదురుగా కూర్చుని కొంగు సర్దుకుంది. "సార్, నా పెనిమిటి పారిపోలే. చెయ్యి కుళ్లుతున్నదని దవాఖానకు పోయిండు. పారిపోయేటోడు దవాఖానల పేరు రాయించుకుంటడా? మీ ఇంట్ల మనిషయితె గిట్లనే కూసుంటరా? నేను దండం పెడ్తలేను. అడుగుతున్న."

నవనీత ఒక్క మాట కూడా మెత్తగా చేయకుండా హిందీలో చెప్పింది. అధికారి రెండు తేదీలనూ పెద్దవి చేసి చూపించమన్నాడు. కాగితం మీద రాసుకున్నాడు. ఫిర్యాదు తప్పని ఆ చీటీతోనే వాదించవచ్చని, లేబర్ ఆఫీసుకు తానే పంపుతానని అన్నాడు. కేసు నంబరు చెప్పాడు. నవనీత రాసుకుని తిరిగి చదివి వినిపించింది. అవునన్నాడు. పిలుపు ముగిసేసరికి బ్యాటరీ పదకొండు ఉంది.

సుమిత్ర అప్పుడు ఏడ్చింది. జితేందర్ చెయ్యి దించి, బిగుసుకుపోయిన భుజాన్ని రుద్దుకుంటూ చాయ్ పెట్టడానికి పోయాడు.

హురూబ్ ఆ నెలలో తీయలేదు. నవనీత కేసు నంబరుతో ప్రతి సోమవారం ఒక మెయిల్ పంపింది, పది సోమవారాలు. దసరా దాటాక రాజనర్సు వచ్చాడు. రెండు వేళ్లు ముడుచుకోవు. పెద్దగా మాట్లాడడు. రైసు మిల్లులో కావలి పని దొరికింది. పిల్లవాడు కొన్నాళ్లు అతని దగ్గరికి పోలేదు, తర్వాత పోయాడు.

రాజనర్సును సౌదీకి పంపిన ఏజెంటు ఒక మధ్యాహ్నం నవనీత ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చుని మంచి మాటే చెబుతున్నానన్నాడు.

"ఊరోళ్ల కతలన్ని నీకెందుకు బిడ్డా? నువ్వు గిట్ల రాసుకుంట పోతె, రేపు నీ ఇంటోళ్లను ఏ ఏజెంటు పంపడు."

"పంపద్దు," అన్నది నవనీత. "తోటపని అని చెప్పి గొర్లల్లకు ఎందుకు పంపినవో జర చెప్పు. ఇంగ్లీషుల నీ పేరు ఎట్ల రాస్తరో గది కూడ చెప్పు. తప్పు పడద్దు."

అతను చాయ్ వచ్చేదాకా ఆగలేదు.

మరునాడు ఎల్లంతకుంట నుంచి ఫోన్ వచ్చింది. ఒకామె, తమ్ముడి జాడ తెలియదని, రుద్రంగికి రావడానికి ఇంట్లో పంపడం లేదని చెప్పింది. నవనీత పాస్‌పోర్టు నకలు ఉందా అని అడిగింది. ఉందని తెలుసుకుని, ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, ఎల్లంతకుంటకు పోవడానికి వేములవాడ బస్సు ఎక్కింది.